ఎడారిలో అపాచీ, కోరుట్లలో కరెంటు కోత

తొంభైల్లో మా కోరుట్ల పిల్లలకు వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే తెల్ల డబ్బా. దాంట్లో మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట. క్యాసెట్ మీద లక్షల్లో గేమ్స్ ఉన్నాయని రాసి ఉంటుంది, పెట్టి చూస్తే పదిహేనో ఇరవయ్యో తిరిగి తిరిగి వస్తాయి. మా ఇంట్లో మాత్రం నల్లది ఉండేది. సెగా మెగా డ్రైవ్. దానికి సరిపడే క్యాసెట్ మా ఊళ్లోనే కాదు, కరీంనగర్‌లో కూడా దొరికేది కాదు. అందుకని ఉన్న రెండిటినే ఏళ్ల తరబడి ఆడాం. ఒకటి ఫుట్‌బాల్, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రెండోది ‘డెజర్ట్ స్ట్రైక్: రిటర్న్ టు ది గల్ఫ్’. పేరు చదవడం వచ్చినా ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మా వాడకట్టు మొత్తానికి అది ‘హెలికాప్టర్ గేమ్’.

మా బాపు కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవర్. ఆ ఇంటి పిల్లలకు కొత్త మెషీన్ వచ్చింది, పాతది బాపు చేతిలో పెట్టారు. కొనుక్కొచ్చింది కాదు, కొనే స్తోమత కూడా లేదు. సెలవు మీద వచ్చినప్పుడు బొంబాయి ఎయిర్‌పోర్టులో దిగి, అక్కడి నుంచి బొంబాయి బస్సులో తెచ్చిన పెట్టెలో దుప్పట్ల మధ్య అది ఉంది. పక్కనే గొడ్డలి గుర్తు తైలం సీసాలు, టాంగ్ డబ్బా, అందరికీ పంచడానికి సబ్బులు. హెలికాప్టర్ గేమ్ క్యాసెట్ ఎడమ అంచున పసుపు రంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉండేది. ఆ గేమ్ తెచ్చిన కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ల మెగా డ్రైవ్ క్యాసెట్లకు అదే గుర్తు. వెనక వైపు బాల్ పెన్నుతో అరబ్బీలో ఏదో రాసి ఉంది. ఉర్దూ చదవడం వచ్చిన పక్కింటి చాచా చూసి, ఎవరో పిల్లగాడి పేరు అన్నాడు. అంటే మాకంటే ముందు ఒక కువైట్ పిల్లగాడు ఈ ఎడారి యుద్ధం ఆడాడన్నమాట, అదీ నిజం యుద్ధం తన ఊరి మీద నుంచి పోయాక! ఆ వయసులో మాకు ఇదేమీ తట్టలేదు. మా బాధంతా ప్లగ్గు గురించి.

కువైట్ ప్లగ్గుకు మూడు చదరపు కాళ్లుంటాయి, మన సాకెట్లకు గుండ్రటి రంధ్రాలు. మొదటి రోజు సాయంత్రం దాకా ఆ నల్ల డబ్బాను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాం. బస్టాండ్ దగ్గరి ఎలక్ట్రికల్ షాపులో కన్వర్టర్ దొరికాక అసలు పని మొదలైంది. యాంటెనా వైరు పీకి దాని స్థానంలో మెషీన్ వైరు గుచ్చి, టీవీలో ఖాళీ ఛానల్ ఒకటి పట్టుకుని, చిన్న చక్రం తిప్పుతూ ట్యూన్ చేయాలి. ముందు చుక్కలు, తర్వాత అడ్డగీతలు, ఆ తర్వాత రంగులు. గల్ఫ్‌లోనూ మన దగ్గరా టీవీలు పాల్ పద్ధతివే కాబట్టి బొమ్మ కుదిరింది. ఒక సంగతి చాలా ఏళ్లకు తెలిసింది. పాల్ టీవీ సెకనుకు 50 సార్లు బొమ్మ గీస్తుంది, అమెరికాది 60 సార్లు. ఆ కాలపు గేమ్స్ చాలావాటిని ఈ తేడాకు తగ్గట్టు సర్దేవారు కాదు, అవి మన దగ్గర కాస్త నిదానంగా నడిచేవి. ఆ తేడా మాకు తెలిసే దారే లేదు, మేం చూసిన వేగమే అసలు వేగం అనుకున్నాం.

గేమ్ సంగతికి వస్తే, 1992లో వచ్చింది. మైక్ పోసెన్ అనే ఆయన డిజైన్ చేశాడు. పాత ఆపిల్ కంప్యూటర్ల మీద 1982లో వచ్చిన ‘చాప్‌లిఫ్టర్’ నుంచి ప్రేరణ తీసుకున్నాడు. అందులో హెలికాప్టర్‌తో పోయి బందీలను ఎక్కించుకుని రావాలి, కాల్చడం దానికి తోడు మాత్రమే. ఆ బుద్ధి ఇందులోనూ ఉంది. బయటి నుంచి చూస్తే ఇది యుద్ధం గేమ్. కిల్‌బాబా అనే జనరల్ ఒక గల్ఫ్ దేశాన్ని ఆక్రమించుకుంటాడు, మనం ఒక్క అపాచీ హెలికాప్టర్‌తో వాడి పని పట్టాలి. ఆ దేశమేదో పేరు చెప్పరు. 1991 గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడే వచ్చింది కనుక చెప్పనవసరమూ లేదు. అంత తాజా యుద్ధాన్ని ఆట చేస్తారా అని అప్పట్లో అమెరికాలోనే కొందరు తప్పుపట్టారు. ఇప్పుడు చూస్తే ఆ జనరల్ ఉత్త అట్టముక్క విలన్. కోపంగా అరుస్తాడు, బల్ల గుద్దుతాడు, అంతకు మించి మనిషి కాడు. కథ విషయంలో ఈ గేమ్‌ను నేను వెనకేసుకు రాను.

ఆట మాత్రం వేరే స్థాయి.

కెమెరా పైనుంచి ఏటవాలుగా చూస్తుంటుంది. కింద ఇసుక, రోడ్లు, పెంకుల్లేని చదును ఇళ్లు, అక్కడక్కడా ట్యాంకులు. మనం సముద్రంలో ఉన్న ఓడ మీద నుంచి లేస్తాం. ఎడమ, కుడి నొక్కితే హెలికాప్టర్ తన చుట్టూ తాను తిరుగుతుంది, పైకి నొక్కితే ముక్కు వంచి ముందుకు పోతుంది. వేలు తీసినంత మాత్రాన ఆగదు. చెరువు కట్ట దిగుతున్న సైకిల్ తొక్కడం ఆపినట్టే, కొంత దూరం దాని ఊపులో అది పోతూనే ఉంటుంది. కొత్తవాళ్లు అందరూ ఇక్కడే దెబ్బ తినేవారు. ట్యాంకు కనబడగానే రిమోట్ (ఆడే బటన్లున్న ప్యాడ్‌ను మేం అట్లాగే అనేవాళ్లం) వదిలేస్తారు, హెలికాప్టర్ జారుకుంటూ పోయి సరిగ్గా దాని నెత్తి మీద నిలుస్తుంది. కావాలంటే ఆప్షన్స్‌లోకి పోయి ఈ ఊపు తీసేయొచ్చు, ఏ దిక్కు నొక్కితే ఆ దిక్కుకు పోయేలా కూడా పెట్టుకోవచ్చు. మా తమ్ముడు రెండోది పెట్టుకునేవాడు. నాకు నచ్చేది కాదు. ఊపు లేకపోతే అది హెలికాప్టరే కాదని నా వాదన, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

ఆయుధాలు మూడు. చెయిన్ గన్‌కు 1178 తూటాలు, హైడ్రా రాకెట్లు 38, హెల్‌ఫైర్ మిస్సైళ్లు 8. ఈ అంకెలు మా వాడకట్టు పిల్లల్లో సగం మందికి ఎక్కాల కంటే బాగా వచ్చు. ఊరికే పెట్టిన అంకెలు కావని పెద్దయ్యాక తెలిసింది. నిజం అపాచీ గన్నులో పట్టేవి 1200 తూటాలు. హైడ్రా గొట్టాల కట్ట ఒక్కోదాంట్లో 19 రాకెట్లు పడతాయి, అటొకటి ఇటొకటి పెడితే 38. హెల్‌ఫైర్లు ఒక్కో చట్రానికి నాలుగు, రెండు రెక్కలకూ కలిపి 8. పద్నాలుగేళ్ల పిల్లల ఆటకు ఇంత పట్టింపు ఎందుకని అనిపించొచ్చు. ఆ పట్టింపు వల్లనే ప్రతి తూటాకూ విలువ వచ్చింది. ఒక్క హెల్‌ఫైర్‌తో పోయే పనికి నాలుగు హైడ్రాలు కావాలి, గన్నుతో అయితే అట్లా నొక్కుతూనే ఉండాలి. మిస్సైల్ బండి ఎదురైతే హెల్‌ఫైర్ తీయాలా, హైడ్రాలతో సరిపెట్టాలా, పక్క నుంచి పోయి గన్నుతో గీరాలా? ఇది తేల్చుకునేలోపు అది మన మీద ఒకటి వదులుతుంది.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు ఇంధనం. 100 దగ్గర మొదలై, నిలబడ్డా తగ్గుతుంది, తిరిగినా తగ్గుతుంది. మ్యాప్ మీద అక్కడక్కడా డ్రమ్ములుంటాయి, తాడు దించి లాక్కోవాలి. ఆ డ్రమ్ములు లెక్కకు ఉన్నవే, మళ్లీ పుట్టవు. పైగా తొందరలో వాటి మీదే కాల్చామంటే పేలిపోతాయి. కొన్ని డ్రమ్ములు, తూటాల పెట్టెలు కట్టడాల్లో దాగి ఉంటాయి, కట్టడం కూలిస్తే బయటపడతాయి. కూల్చడానికేమో తూటాలు కావాలి. ఉన్నదాంట్లో కొంత ఖర్చు పెట్టి ఇంకొంత వెతుక్కోవడం, ఆ వెతుకులాటలోనే ఉన్నది అయిపోవడం. బాపు పంపిన డబ్బుల డ్రాఫ్టు వచ్చిన రోజు అమ్మ కాగితం మీద గీసే లెక్కలు చూసిన పిల్లలం కాబట్టి ఈ గేమ్ మాకు తొందరగానే తలకెక్కింది. అప్పు కట్టేది ఇంత, చిట్టీకి ఇంత, ఫీజుకు ఇంత, మిగిలింది వచ్చే డ్రాఫ్టు దాకా. కాంట్రా ఆడేవాళ్లు వచ్చి మా రిమోట్ పట్టుకుని ఎడాపెడా కాల్చి, ఎడారి నడుమ ఇంధనం అయిపోయి కూలిపోతుంటే మాకు లోపల భలే సంతోషంగా ఉండేది.

ఇది ఒక్కరు ఆడే గేమే. మేం ఇద్దరం ఆడేవాళ్లం. రిమోట్ ఒకరి చేతిలో, నోరు ఇంకొకరిది. స్టార్ట్ నొక్కితే ఆట ఆగి మ్యాప్ వస్తుంది. ఏ డ్రమ్ము ఎక్కడుందో, తర్వాతి టార్గెట్ ఎక్కడో అందులో చూసుకోవచ్చు. తమ్ముడు ఆ మ్యాప్ బట్టీ పట్టేశాడు. “పెట్రోల్ ముప్పై ఉన్నది, ఎన్కకు తిరుగు.” “ఇంకొక్క ట్యాంకు కొట్టి పోత.” “వద్దురా అన్నా, ఆ డ్రమ్ము కాడికి పోనీకి పది పడ్తది.” వాడి మాట వింటే బతికేవాళ్లం. మొదటి స్టేజ్ ఆరంభంలో కోపైలట్‌ను ఎంచుకోమంటుంది, ఒకడు గన్ను గురిలో మేలు, ఒకడు తాడు తొందరగా లాగుతాడు. అసలు కోపైలట్ పక్కనే చాప మీద కూర్చుని మరమరాలు తింటూ ఉండేవాడు.

నాకు ఇప్పటికీ కళ్లకు కట్టేది ఆ తాడు. ఇసుకలో ఒక చిన్న మనిషి రెండు చేతులూ ఊపుతుంటాడు, చిటికెన వేలు గోరంత. వాడి నెత్తి మీదకు పోయి నిలవాలి, ఊపు చచ్చేదాకా ఆగాలి. పక్కకు జారితే తాడు అందదు, మళ్లీ చుట్టు తిరిగి రావాలి. సరిగ్గా నిలిస్తే తాడు నిచ్చెన దిగుతుంది, వాడు పట్టుకుంటాడు, పైకి లాగుతుంది. అంతసేపూ మనం కదలొద్దు. చుట్టుపక్కల ట్యాంకు ఏదైనా మిగిలి ఉంటే అది మాత్రం తీరిగ్గా కొడుతూనే ఉంటుంది. 600 ఉన్న మన హెలికాప్టర్ కవచం కళ్ల ముందే కరిగిపోతుంటుంది, వదిలేసి పారిపోదామా, ఇంకొక్క క్షణం ఆగుదామా? ఆ టెన్షన్ ఏ గేమ్‌లోనూ పెద్ద విలన్‌తో తలపడే బాస్ ఫైట్‌లో కూడా నాకు రాలేదు. హెలికాప్టర్‌లో ఆరుగురికే చోటు. ఎక్కించుకున్నవాళ్లను ల్యాండింగ్ జోన్‌లో దింపితే కవచం తిరిగి పెరుగుతుంది. మనుషుల్ని బతికిస్తే మనమూ బతుకుతాం, పోసెన్ పెట్టిన ఈ ఒక్క నియమం చుట్టూనే గేమ్ మొత్తం తిరుగుతుంది. మన కాల్పుల్లో వాళ్లు పొరపాటున చచ్చిపోవచ్చు కూడా. మన తూటాకు మనవాడు, పగవాడు అన్న తేడా లేదు.

ఆట నడుస్తున్నంతసేపూ పాట ఉండదు, రెక్కల మోత, పేలుళ్లు, అంతే. దాని వల్ల ఇంట్లో మాకు కొంత వెసులుబాటు దొరికింది. అమ్మ, పక్కింటి అక్కలు అదే అర్రలో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసేవారు. మారియో పాట అయితే గంటలోనే మెషీన్ అటక ఎక్కేది. ఈ మోతకు ఫ్యాన్ తిరిగినట్టే అలవాటు పడిపోయారు. మా నాయనమ్మ అయితే ఆ చప్పుడుకు నిద్రపోయేది. ఒకసారి మేల్కొని టీవీ వైపు చాలాసేపు చూసి, “గీ ఊళ్లెనేనా మీ బాపు ఉండేది?” అంది. అవునన్నాను, కాదని ఎట్లా చెప్పాలో తెలియక. “మరి గట్ల కూలగొడ్తివి?” అంది. చుట్టుపక్కలవాళ్లు పడీ పడీ నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆకు కత్తిరిస్తూ ఉండిపోయింది.

అమ్మ ఎందుకు నవ్వలేదంటే, 1990 ఆగస్టు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు బాపు అక్కడే ఉన్నాడు. ఉత్తరం లేదు, ఫోను లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల ఎన్నో ఇళ్లు అప్పుడు రేడియోకు చెవులప్పగించి కూర్చున్నాయి. నాకు ఆ రోజులు ముక్కలు ముక్కలుగానే గుర్తు. బాపు మిగతావాళ్లతో కలిసి బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరాడు. అక్కడ గుడారాల్లో ఉండి, అమ్మాన్ నుంచి విమానం ఎక్కాడు. ఆ ఏడు ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్షా పదివేల మందికి పైగా తెచ్చింది. ఆ లక్షలో ఒకడిగా మా బాపు బొంబాయిలో దిగాడు, చేతిలో ఒక్క సంచి. యుద్ధం అయిపోయాక అదే ఇంటివాళ్లు మళ్లీ పిలిస్తే మళ్లీ పోయాడు. ఇక్కడ చేయడానికి ఏముంది మరి?

ఆ మనిషి సెలవు మీద ఇంట్లో ఉన్నప్పుడు మేం ఆయన ముందే ఈ గేమ్ ఆడేవాళ్లం. మొదట్లో ఆయన పట్టించుకోలేదు. తర్వాత తర్వాత మంచం మీద పడుకుని చూసేవాడు. ఒకరోజు తమ్ముడు మ్యాప్ తెరిచి డ్రమ్ములు చూపిస్తున్నాడు, ఇక్కడ పెట్రోల్, ఇక్కడ తూటాలు, ఇక్కడ దొరికిన మనుషులు అని. బాపు కాసేపు విని అడిగాడు.

“నీళ్ల డ్రమ్ములు ఏడున్నయిరా అండ్ల?”

నీళ్ల డ్రమ్ములు లేవు బాపూ, ఇది గేమ్ అన్నాం. “నీళ్లు లేకుంట అండ్ల మనిషి ఎట్ల బతికిండు, గా చేతులూపేటోడు?” అన్నాడు. అప్పుడే మొదటిసారి సరిహద్దు గుడారాల సంగతి చెప్పాడు. నీళ్ల ట్యాంకర్ వస్తే జనం ఎట్లా మీద పడేవారో, మధ్యాహ్నం లారీ నీడ ఎటు జరిగితే అటు ఎట్లా జరిగి కూర్చునేవారో, రాత్రి అయ్యేసరికి చలి ఎట్లా కోసేదో. ఎడారి రాత్రి చల్లగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది, గేమ్‌లో ఎప్పుడూ పగలే.

బాపుకు ఇష్టమైన స్టేజ్ ఒక్కటే, మూడోది. గేమ్ మొత్తం నాలుగు స్టేజీలు. మొదటిదాంట్లో రాడార్లు, పవర్ స్టేషన్, విమానాశ్రయాలు, చివరికి ఒక గూఢచారిని విడిపించడం. రెండోది స్కడ్ క్షిపణుల వేట. మూడోది ఎంబసీ సిటీ. నాలుగోది అణుబాంబు వ్యవహారం, బాంబర్ విమానం లేవకముందే దాన్ని కూల్చాలి. మూడో స్టేజ్‌లో ఒక పని ఉంది. ఎంబసీ సిబ్బందిని బస్సులో తరలించాలి. మన కోపైలట్ హెలికాప్టర్ దిగి బస్సు నడుపుతాడు, మనం పైన ఉండి దారిలో ఉన్న ట్యాంకుల్ని, కాల్చేవాళ్లను ముందే తుడిచేస్తూ పోవాలి. బస్సు మన కోసం ఆగదు, దాని దారిన అది పోతుంది. ఇక్కడ బాపు లేచి కూర్చునేవాడు. “బస్సు ముంగటికి పోరా, ఎన్క ఏమున్నది?” “గా మూలమలుపు కాడ ఎవడో ఉన్నడు చూడు.” తమ్ముడు పక్కకు జరిగి చోటిచ్చేవాడు. బస్సు చేరితే బాపు చప్పట్లు కొట్టింది లేదు, బీడీ వెలిగించుకుని బయటకు పోయేవాడు. పేలిపోతే మాత్రం ఒకటే తిట్లు, డ్రైవర్ను కాదు, మమ్మల్ని.

ఆ బస్సులో ఉండేది ఎంబసీవాళ్లు. ఇసుకలో చేతులూపేది అమెరికా సైనికులు. అంత పెద్ద గల్ఫ్ మ్యాప్‌లో మా బాపు లాంటి మనిషి ఒక్కడు లేడు. సిమెంటు మోసేవాడు, తోట తడిపేవాడు, క్యాంపులో వంట చేసేవాడు, పాకిస్తానీ ట్యాక్సీవాడు, మలయాళీ హోటల్, ఏవీ లేవు. ఆ చదును ఇళ్లను కట్టిందెవరో గేమ్ చేసినవాళ్లకు పట్టలేదు. ఈ మాట ఇప్పుడు అంటున్నాను గానీ, అప్పుడు ఇల్లు కూలిస్తే డ్రమ్ము వస్తుందా రాదా అన్నదే మా ధ్యాస.

గేమ్‌లో మొదటి పని రాడార్లు కొట్టడం అన్నాను కదా. 1991 జనవరి 17 తెల్లవారకముందు నిజం యుద్ధమూ అట్లాగే మొదలైంది. సౌదీ వైపు నుంచి పోయిన అపాచీలు సరిహద్దులోని ఇరాక్ రాడార్ కేంద్రాల మీద హెల్‌ఫైర్లు వదిలాయి, ఆ ఖాళీలోంచే విమానాలు లోపలికి పోయాయి. గేమ్ ఈ వరసను గట్టిగా పట్టుకుంది. వరస తప్పి ముందే వేరేచోటికి పోతే చావుదెబ్బలు తగులుతాయి. తమ్ముడికి ఆ ఓపిక ఉండేది, నాకు తక్కువ.

ఇంతకీ మా అసలు విలన్ జనరల్ కిల్‌బాబా కాదు, కరెంటు. ఒక్కో స్టేజ్ చాలాసేపు పడుతుంది, స్టేజ్ పూర్తయితే గాని మళ్లీ అక్కడి నుంచి ఎత్తుకోవడానికి పాస్‌వర్డ్ ఇవ్వదు. నడుమ సేవ్ అన్న మాటే లేదు. కోత టైమ్ ముందే తెలిస్తే దాన్నిబట్టి మొదలుపెట్టేవాళ్లం, కానీ కోతలు చెప్పిన టైమ్‌కు వస్తాయా? ఎండాకాలంలో చుట్టూ బావుల మోటర్లు ఒక్కసారి ఎత్తుకుంటే వోల్టేజ్ పడిపోయి టీవీ బొమ్మ కుంచించుకుపోయేది. స్టెబిలైజర్ టక్కు టక్కుమని కొట్టుకునేది. ఆ చప్పుడు వినబడితే తమ్ముడు మ్యాప్ చూడటం మానేసి దేవుడి పటం వైపు చూసేవాడు. అన్ని రాడార్లూ, పవర్ స్టేషనూ కూల్చి, గూఢచారిని ఎక్కించుకుని, ఓడ వైపు తిరిగాక చీకటి. శత్రువు పవర్ స్టేషన్ మేం పేల్చిన కాసేపటికే మా వాడకట్టుకు కరెంటు పోవడం ఎన్నిసార్లు జరిగిందో, పక్కింటి అక్క అయితే మేమే కారణమని నిజంగానే అనుకునేది.

పాస్‌వర్డులు నీలం ఎయిర్ మెయిల్ కవర్ల వెనక రాసుకునేవాళ్లం, అవే ఇంట్లో ఎక్కువ కాబట్టి. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తెలియక కొన్ని పనికిరాకుండా పోయాయి. నాలుగో స్టేజ్ గురించి నా అభిప్రాయం అడిగితే, అది అన్యాయం. డ్రమ్ములు తక్కువ, మిస్సైల్ బండ్లు ఎక్కువ, తెలివి కంటే బట్టీ ముఖ్యమైపోతుంది. మొదటి స్టేజ్‌లో ఉన్న సమతూకం అందులో లేదు. దాన్ని దాటింది నేను కాదు, తమ్ముడు. ఆ టైమ్‌కు నేను ట్యూషన్‌లో ఉన్నాను. వాడు చూపించడానికి సాక్ష్యం ఏమీ లేదు. నమ్మలేదని చాలా కాలం గొడవ పెట్టుకున్నాడు.

డిగ్రీకి వరంగల్ పోయాక ఆ మెషీన్ ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికే అడాప్టర్ కాలిపోయింది, కోరుట్లలో దాన్ని బాగు చేసినవాడు లేడు. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక గేమ్ పార్లర్ ఉండేది, గంట లెక్కన ప్లేస్టేషన్ ఆడనిచ్చేవారు. అందరూ కుస్తీ పోటీలు, కార్ల రేసులు ఆడుతుంటే ఒక డబ్బాలో ‘సోవియట్ స్ట్రైక్’ కనబడింది. 1996లో వచ్చింది. అదే అపాచీ, అదే తాడు, అవే డ్రమ్ములు, 3డీ బొమ్మలతో. ఎవరో తెలిసిన చుట్టం పట్నంలో కనబడ్డంత సంబరపడ్డాను. నడుమ ‘జంగిల్ స్ట్రైక్’ 1993లో, ‘అర్బన్ స్ట్రైక్’ 1994లో వచ్చాయని, ‘జంగిల్ స్ట్రైక్’లో ఆ జనరల్ కొడుకే విలన్ అని, అందులో కమాంచీ హెలికాప్టర్‌తో పాటు మోటార్ సైకిల్, హోవర్‌క్రాఫ్ట్ కూడా నడపొచ్చని ఆ తర్వాతే తెలిసింది. 1997లో ‘న్యూక్లియర్ స్ట్రైక్’తో ఆ వరస ఆగిపోయింది. నా మటుకు నాకు బైకులూ విమానాలూ అనవసరం. ఒక్క హెలికాప్టర్, ఒక్క తాడు, అయిపోతున్న పెట్రోల్, ఇవి చాలు.

ఒక సంగతి చెబితే తమ్ముడు కొన్నాళ్లు నమ్మలేదు. అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు, అంటే ఫ్యూసిలేజ్, ఇప్పుడు మన హైదరాబాద్ పక్కన ఆదిబట్లలోనే తయారవుతోంది. టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ 2018లో మొదలైంది. మరుసటి ఏడు, 2019 సెప్టెంబర్‌లో, మన వాయుసేనలోకి అపాచీలు పఠాన్‌కోట్‌లో చేరాయి. ఆదిబట్ల వార్త ఫోన్లో పంపితే తమ్ముడు దుబాయ్ నుంచి ఒకటే అడిగాడు, “తాడు కూడా ఈడనే చేస్తరా?” నిజం అపాచీకి మనుషుల్ని లాగే తాడే ఉండదని, ఇద్దరు పైలట్లకు తప్ప ఎవరికీ చోటుండదని చెప్పాను. చాలాసేపు జవాబు లేదు. తర్వాత వచ్చింది, “అయితే అది మన గేమ్‌ల హెలికాప్టర్ కాదు పో.”

వాడు ఇప్పుడు అక్కడ ఒక గోదాములో సూపర్‌వైజర్. బాపు ఇక్కడే ఉన్నాడు, ఎకరంన్నర పసుపు, మోకాళ్ల నొప్పులు. మా పిల్లవాడికి ఫోన్లో ఎమ్యులేటర్, అంటే పాత మెషీన్ గేమ్స్ నడిపే యాప్, పెట్టి ఈ గేమ్ చూపించాను. టచ్ స్క్రీన్ మీద ఊపు అదుపులోకి రాదు, తాడు దగ్గర మరీ కష్టం, ఆడాలనుకునేవాళ్లు బ్లూటూత్ రిమోట్ ఒకటి కొనుక్కోండి. వాడు మొదటి ట్యాంకు మీదే ఎనిమిది హెల్‌ఫైర్లూ వదిలేశాడు. బాపు పక్కనే ఉన్నాడు. “అన్నీ గీన్నే అయిపోతే ముంగటికి ఏం జేస్తవురా?” అన్నాడు. మళ్లీ మొదలుపెడతానని వాడు స్టార్ట్ నొక్కాడు.